రామసుబ్బమ్మకు చెప్పాల్సిన మాట

"ఫోను ఈడ పెట్టుమా. పెట్టు అంటాండా."

"నా ఫోను నేను యాడన్నా పెట్టుకుంటా. నీకేమప్పా?"

"దాంట్లో సిమ్మే లేదు. నేనే తీసేసినా. ఎవరితో మాట్లాడతాండావు నువ్వు?"

"మీ తమ్మునితో."

ప్రవీణ్ తల్లి చేతిలోంచి ఫోను లాక్కుని జేబులో వేసుకున్నాడు. రామసుబ్బమ్మ కొడుకు జేబు వైపు ఒకసారి చూసి, అరుగు దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. వీధిలో గొర్రెలు తోలుకుపోతున్న మనిషి తల వంచుకుని, ఏమీ విననట్టే దాటిపోయాడు.

సునంద స్కూటీ గేటు పక్కన ఆపి, ఈ తంతంతా నిలబడి చూసింది. కొత్తచెరువులో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే మానసిక ఆరోగ్య కేంద్రంలో ఆమె సోషల్ వర్కర్. కొన్ని వారాలుగా ఈ ఇంటికి వస్తోంది. ఎప్పుడు వచ్చినా ఏదో ఒక గొడవ మధ్యలోనే అడుగు పెట్టాల్సి వస్తోంది.

"చూసినారు గదా మేడమ్," అన్నాడు ప్రవీణ్. "ప్రతి సాయంకాలం ఇదే కత. అరుగు మీద కూసుంటాది, ఊరంతా వినేట్ల మాట్లాడతాది. వంశీ, అన్నం తిన్నావా. వంశీ, ఆడ ఎండలెట్లుండాయి. మొన్న గట్టిగా నవ్వింది గూడా. నాకు ఒళ్లు జలదరించింది."

"ఫోను లాక్కోకుండా ఉండాల్సింది ప్రవీణ్."

"లాక్కోక? సచ్చిపోయినోనితో మాట్లాడతాంటే ఊరకే చూస్తా కూసోమంటారా? మీ డాక్టరుకు చెప్పి మాత్రలన్నా రాయించండి."

వంశీ పోయి మూడు నెలలు దాటింది. తల్లి గుండెకు ఆపరేషన్ అయి అనంతపురంలో ఆస్పత్రి మంచం మీద ఉండగా, చేలో మోటారు వేయబోయి, స్టార్టరు పెట్టె దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఆ రోజే చేలో పూడ్చి మన్ను చేశారు. నాలుగు రోజులు ఆమెకు చెప్పకండి అన్నాడు డాక్టరు. నాలుగు రోజులు ఆగమంటే ఈ ఇల్లు ఇప్పటికీ ఆగుతూనే ఉంది. వంశీకి బెంగళూరులో పని దొరికిందన్నారు. ఊరు ఊరంతా నోరు కట్టుకుంది. అత్త కంటపడితే అడుగుతుందని వంశీ పెళ్లాం వనజాక్షి నుదుటి బొట్టు అట్లాగే ఉంచారు, చేతి గాజులు అట్లాగే ఉంచారు, వాటిని తీసే కార్యం వాయిదా వేశారు. ఎవరికి తోచిన దయ వాళ్లు చూపించారు. అందరూ కలిసి చూపిన దయకు ఆ ఇల్లు ఊపిరాడకుండా అయింది.

అరుగు చివర రామసుబ్బమ్మ మొగుడు పుల్లన్న కూర్చుని ఉన్నాడు. తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్ద సేద్యం చేసిన మనిషి, పంచాయతీలు చెప్పిన మనిషి. ఇప్పుడు భార్యకు ఒక మాట చెప్పడానికి నోరు రాక, ధర్మవరం నుంచి వచ్చిన పరాయి పిల్ల సునంద ముఖం చూస్తున్నాడు.

"సునందమ్మా, సోమవారం మా అక్క అంజనమ్మ వాళ్లు వస్తాండారు. కార్యం చేసేస్తామని మాటిచ్చినా. రేపో మాపో వాన పడేట్టుండాది. ఇంట్లో ఇది మిగుల్చుకొని చేన్లో గింజ ఎట్ల యెయ్యల్ల? ఈ పొద్దన్నా చెప్పెయ్యండి. మీకు చదువుండాది, చెప్పే విదం తెలుసు."

"చెప్తానని నేనెప్పుడూ అనలేదు పెద్దాయనా. ఆమెకు ఏం తెలుసో ముందు అడుగుతానన్నా."

"ఏం తెలుసని అడిగేది? ఏమీ తెలీదు ఆమెకు."

"మీరు అడిగినారా?"

ఎవరూ అడగలేదు, అదే అసలు సంగతి. మూడు నెలలుగా ఆ ఇంట్లో రామసుబ్బమ్మకు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అని అందరూ మాట్లాడుకున్నారే గాని, ఆమెను పలకరించి ఒక ప్రశ్న వేసినవాడు లేడు.

సునంద ముందు పెరట్లోకి వెళ్లింది. తొట్టి దగ్గర వనజాక్షి గిన్నెలు తోముతోంది. సునందను చూడగానే నవ్వింది. ఆ నవ్వు చూస్తే సునందకు భయం వేస్తుంది. కళ్లకు ఏ సంబంధమూ లేకుండా పెదాలు ఒక్కటే చేసే పని అది.

సునంద పక్కనే పీట వేసుకుని, తోమిన గిన్నెలు ఒక్కొక్కటే నీళ్లలో ముంచి తొలవడం మొదలుపెట్టింది.

"తిన్నావా?"

"తిన్నా మేడమ్."

"ఈ పొద్దు చెప్పెయ్యమంటాండాడు మీ మామ."

"విన్నా."

"నీకెట్లుండాది?"

వనజాక్షి గిన్నె అడుగున అంటుకున్న మాడును గీకింది. "పొద్దన్నే లేచి అద్దం ముందర బొట్టు పెట్టుకుంటా మేడమ్. చిన్నగా పెట్టినావేమే అంటాది అత్త. మళ్లీ పెద్దగా పెడతా. ఆయన్ను మన్ను చేసినంక ఆ చేను పక్కకు పోనీలే నన్ను. పోతే ఏడుపొస్తాది, ఏడిస్తే కండ్లు ఉబ్బుతాయి, ఉబ్బితే అత్త కనుక్కుంటాదంట. దుప్పటి కప్పుకొని ఏడుద్దామంటే అత్త నా పక్కనే పండుకుంటాది. నిద్ర గూడా పోదు ఆయమ్మ."

"సోమవారం కార్యం గురించి?"

"తీసుకోనీ మేడమ్. గాజులు గదా, తీసుకోనీ. అప్పుడన్నా ఏడవనిస్తారు."

సునంద చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది. భర్త కోసం ఏడవడానికి కూడా ఈ పిల్ల ఏదో ఒకటి ఇచ్చుకోవాలా? కోపం నెత్తికెక్కింది. కోపం వచ్చినప్పుడు మాట్లాడకూడదని ఆమెకు నేర్పిన వాళ్లున్నారు, కాబట్టి ఊరుకుంది. మిగిలిన గిన్నెలు కడిగి బోర్లించి లేచింది.

ఈ పక్కన కూర్చునే అలవాటు సునందకు చదువులో వచ్చింది కాదు.

ధర్మవరంలో వాళ్లది మగ్గం ఇల్లు. నాయన రామదాసు పోయినప్పుడు సునంద బడికి పోతోంది. అమ్మ నాగలక్ష్మమ్మ చేతుల గాజులు బంధువులే పగలగొట్టారు. ఆ తర్వాత అమ్మ ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు. వచ్చినవాళ్లంతా ఎదురుగా కూర్చుని, ముఖంలోకి చూసి, ఎట్లున్నావమ్మా అనేవారు. బాగున్నా అనేది. వాళ్లు లేచిపోయేవారు.

అంచుకు వేరే రంగు ఉన్న పట్టుచీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. ఒకరు నేస్తూ ఉంటే పక్కన కూర్చున్నవాళ్లు అంచు దారం మోసే నాడెను అందుకుని తిరిగి పంపాలి. నాయన పోయాక అమ్మ నాయన చోట కూర్చుంది, అమ్మ చోట సునంద కూర్చుంది. ఇద్దరి కళ్లూ దారం మీదే. ఒకరి ముఖం ఒకరు చూసే వీలు లేదు. అక్కడ మాట్లాడింది అమ్మ. నాడె ఇటు వచ్చినప్పుడు ఒక మాట, అటు పోయినప్పుడు ఒక మాట. పెళ్లి చీరకు మొదటి పోగు నా చేత్తో వద్దన్నారే సునందా, మిగతా చీరంతా నేసుకోవచ్చంట, అంది ఒకరోజు. అన్నాక చాలాసేపు ఏడ్చింది. సునంద నాడె పంపుతూనే ఉంది. ఆపితే అమ్మ కూడా ఆపేస్తుందని ఆ వయసులోనే ఎట్లాగో తెలిసింది.

తర్వాత అనంతపురంలో చదువు, బెంగళూరులో పెద్దాస్పత్రిలో శిక్షణ. అక్కడ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉండేవి. సునంద రోజూ తన కుర్చీ లాక్కుని పక్కకు వేసుకునేది. పాఠం చెప్పే పద్మప్రియ మేడమ్ మొదట మందలించింది, తర్వాత వదిలేసింది. మేడమ్ నేర్పిన వాటిలో మాత్రం ఒకదాన్ని సునంద ఎప్పుడూ దాటలేదు. ఒకరు చెప్పుకున్నది వాళ్లదే. దాన్ని మోసుకుపోయి ఇంకొకరి ముందు దించకూడదు.

వాకిలి దాటగానే ఉన్న పడసాలలో రామసుబ్బమ్మ విత్తనం చెనక్కాయల మూట విప్పుకుని నేల మీద కూర్చుంది. ముందు చాట పెట్టుకుని ఒలుస్తోంది.

"మందులోళ్ల పాప వచ్చినావా. కూసో. ఊరికే కూసోవద్దు, నాలుగు కాయలు ఒలువు. గింజ మీద పొర పోకూడదు, పోతే మొలవదు."

సునంద ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఇద్దరూ వాకిలి వైపు చూస్తూ ఒలిచారు. బయట గాలి తిరిగి దుమ్ము లేచింది. వాన ఇస్తుందో ఇయ్యదో చెప్పలేని మబ్బు ఒకటి కొండ వైపు ఆగి ఉంది.

"వంశీ ఏమంటాండాడు పెద్దమ్మా?"

"బాగుండాడంట. ఆడ ఎండలు తక్కువంట."

"ఆయన మాట వింటాంటే మీకెట్లుంటాది?"

రామసుబ్బమ్మ వేళ్లు ఆగలేదు. కాయ నొక్కింది, గింజలు చాటలో వేసింది, పొట్టు పక్కన పడేసింది. మరో కాయ తీసుకుంది. అది కూడా అయ్యాక అంది.

"సిమ్ము లేని ఫోన్లో ఎవరు మాట్లాడతారు పాపా."

సునంద వాకిలి వైపే చూస్తూ ఇంకో కాయ ఒలిచింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆస్పత్రిలోనే. మీ పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వార్డులో అంతమంది ఉండారు, నర్సులుండారు, అందరి ముందర పట్టుకున్నాడు. పెండ్లయినప్పట్నుంచి నలుగురిలో నా పక్క చూడని మనిషి. ఇద్దరు కొడుకుల్లో ఎవరో ఒకరు పోయినారనుకున్యా. సాయంకాలం ప్రవీణ్ వచ్చినాడు. అప్పుడు తెలిసింది ఎవరో."

ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. అందుకే వినడం మరీ కష్టమైంది.

"మరి ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఇంటికొచ్చినా. వనజ వాకిట్లో నిలబడి ఉండాది, బొట్టు పెట్టుకొని, గాజులేసుకొని, నవ్వుతా. అప్పుడు అర్తమైంది నాకు. నాకు తెలీనంత కాలం దాన్ని ఎవరూ ముట్టరు. తెలిసిన దినం మా వదిన అంజనమ్మ వస్తాది. పీట మీద కూసోబెడతారు. పూలు పెడతారు, నిండుగా గాజులు తొడుగుతారు, అన్నీ పెట్టి మళ్లా అన్నీ తీస్తారు. మా చెల్లెలికి చేస్తాంటే నేను చూసినా. అది మూడు పొద్దులు నోట్లో నీళ్లు పోసుకోలే. దీనికేం వయసుండాది పాపా? పాతికేండ్లు గూడా లేవు."

"అందుకే ఫోను."

"ఊరు వినల్ల గదా. వాళ్లు ఎంతసేపటికీ నాకు చెప్పాలని చూస్తాండారు. పిచ్చిదానికి ఏం చెప్తారు? చెప్పినా వినదని వదిలేస్తారు." ఆమె మొదటిసారి చేతులు ఆపింది. "నువ్వు ఒక పని చెయ్యి. మీ డాక్టరుతో చెప్పి నాకు పిచ్చి అని రాయించు. మాత్రలిస్తే మింగుతా. యాడికన్నా తోలుకపోయి పడేస్తామన్నా పోతా. దాన్ని మాత్రం పీట మీద కూసోబెట్టనియ్యొద్దు."

తన కొడుకు కోసం ఏడవలేదు ఈ మనిషి. మూడు నెలలు. సాయంకాలం అయ్యేసరికి అరుగు మీద కూర్చుని, చచ్చిన కొడుకును అన్నం తిన్నావా అని ఊరు వినేట్టు అడిగి, నవ్వి, లోపలికి వచ్చి పడుకుని, నిద్రపోకుండా పక్కన కోడలిని కనిపెట్టుకుని ఉంది. సునంద ఎన్నో ఇళ్లు తిరిగింది. ఇంత బలమూ, ఇంత పొరపాటూ ఒకే మనిషిలో ఎప్పుడూ చూడలేదు. ఎందుకంటే ఆమె కాపాడుతున్న పిల్ల పెరట్లో ఏం అడిగిందో ఆమెకు తెలియదు. సునందకు తెలుసు, కానీ చెప్పకూడదు.

"లేని జబ్బు ఉందని నేను రాయించలేను పెద్దమ్మా."

"అయితే నోరు మూసుకొని పో. అది చాలు."

"మూసుకుంటా. మీరు చెప్పింది మీదే, ఈ గడప దాటదు. ఒక్కటి అడుగుతా. మీరు ఇదంతా చేసేది వనజ కోసం. వనజకు ఏం కావాలో వనజను అడిగినారా?"

"ఏం అడిగేది? బాగుండాది గదా. నవ్వుతానే ఉండాది."

"మీ ముందర."

రామసుబ్బమ్మ మొదటిసారి తల తిప్పి సునంద ముఖంలోకి చూసింది.

"ఏమన్నాది అది?"

"ఆమె చెప్పింది ఆమెది. మీరే పిలిచి అడగల్ల."

"అడిగితే నాకు తెలుసని తెలిసిపోతాది."

"అవును."

"తెలిస్తే వాళ్లు వస్తారు."

"అవును పెద్దమ్మా. రాకుండా ఆపుతానని నేను మాట ఇయ్యలేను. మీ పక్కన ఉంటానని మాత్రం చెప్పగలను."

పెరట్లో వనజాక్షి నీళ్లు పారబోసింది. బయట అరుగు మీద ప్రవీణ్ ఏదో అంటే పుల్లన్న దగ్గాడు. రామసుబ్బమ్మ చాటను నెమ్మదిగా పక్కకు జరిపింది, ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుంది.

"వనజా."

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వనజాక్షి వచ్చింది. వస్తూనే నవ్వింది. "ఏంటత్తా? టీ పెట్టల్లా?"

"నవ్వొద్దు."

"ఆ?"

"నా ముందర నవ్వొద్దు ఇంక. నాకు తెలుసు."

వనజాక్షి ముఖం మీద ఆ నవ్వు వెంటనే పోలేదు. ఎట్లా తీయాలో తెలియనట్టు అట్లాగే ఉండిపోయింది. సునంద వైపు చూసింది. సునంద తల ఊపింది. అప్పుడు పిల్ల నేల మీద కూలబడింది. ముందు శబ్దం రాలేదు. నోరు తెరుచుకుంది గాని ఏడుపు రావడానికి టైం పట్టింది. వచ్చాక మాత్రం ఆ ఇంటి గోడలు అంత గొంతు ఎప్పుడూ విని ఉండవు.

"అత్తా, పొద్దన చొక్కా తగిలించి పోయినాడు అత్తా. వస్తానే టిఫిన్ చెయ్యమని పోయినాడు."

"చెప్పు. అంతా చెప్పు."

రామసుబ్బమ్మ కోడలి తలను ఒళ్లోకి లాక్కుంది. తను కూడా ఏడ్చింది. చెనక్కాయల పొట్టు మధ్య ఒకరు కొడుకును, ఒకరు మొగుణ్ణి, ఇద్దరూ ఒకే పేరు పెట్టి పిలిచి ఏడ్చారు. సునంద లేవలేదు, నీళ్లు తేలేదు, ఊరుకోమని అనలేదు. పక్కన కూర్చుంది.

ఏడుపు విని పుల్లన్న గడప దాకా వచ్చాడు. చూశాడు. అర్థమైంది. తలపాగా గుడ్డతో ముఖం తుడుచుకుని, గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆయన ముఖంలో బాధతో పాటు ఇంకొకటి కూడా కనిపించింది. బరువు దిగిన మనిషి ముఖం అది. పాపం, ఆయన మాత్రం ఏం మోయలేదు? చేతులతో కొడుకును మన్నులో పెట్టి వచ్చి, భార్య ముందు బెంగళూరు కబుర్లు చెప్పాడు.

"తెలిసిపోయిందా రామసుబ్బా."

"ఆ."

"మంచిదాయె." వెనక్కి తిరిగి అరుగు మీదికి నడిచాడు. కోపంతో కాదు, గట్టిగా కూడా కాదు, పొలం పని పురమాయించినట్టే అన్నాడు. "ప్రవీణా, బండి తీసుకొని పోయి మీ అత్తను పిల్చుకొని రా. సోమవారం దాకా ఎందుకు, మీ అమ్మకు తెలిసిపోయిందని చెప్పు."

వనజాక్షి ఏడుపు అక్కడే తెగిపోయింది.

"పిల్చొద్దు," అంది రామసుబ్బమ్మ లోపల్నుంచి.

"పిల్చకుంటే ఎట్ల? మా అమ్మకు చేసినారు. మీ చెల్లెలికి చేసినారు. నేనేమన్నా కొత్తగా చెప్తాండానా? అయిపోతే ఆ పిల్లకూ నెమ్మది."

"ఆ పిల్లకు ఏం నెమ్మదో పిల్లను అడిగినావా?"

బయట బండి స్టార్టయిన చప్పుడు. గేటు దాటి, వీధి మలుపు తిరిగి, దూరమైంది. అంజనమ్మ ఇల్లు పక్క ఊళ్లోనే.

రామసుబ్బమ్మ కోడలి రెండు మణికట్లూ తన చేతుల్లోకి తీసుకుని, గాజులు కనపడకుండా మూసి పట్టుకుంది. ఆపరేషన్ అయిన మనిషి, ఆయాసంతో రొమ్ము ఎగసిపడుతోంది.

"వనజా, వాళ్లకు ఇస్తావా ఇవి? నువ్వు ఇస్తానంటే నేను అడ్డం రాను."

వనజాక్షి తన చేతుల వైపు, వాటి మీద ఉన్న అత్త చేతుల వైపు చూసింది.

"ఇయ్యను అత్తా."

"సునందా," అంది రామసుబ్బమ్మ. మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "లేచి ఆ తలుపు వెయ్యి తల్లీ."

ఇంటి యజమాని బయట ఉండగా ఆయన తలుపు ఆయనకే వేసే హక్కు ఏ సోషల్ వర్కర్‌కూ ఉండదు. రేపు ఈ ఊరు కేంద్రానికి వచ్చి గొడవ చేస్తుంది, ఉద్యోగం మీదికి వస్తుంది, ఈ ఇంటి గడప మళ్లీ తొక్కనివ్వరు. ఇవన్నీ సునందకు తెలుసు. లేచి, తలుపు మూసి, గడియ పెట్టింది.

పుల్లన్న తలుపు బాదలేదు. అరవలేదు. దగ్గరికి వచ్చి నిలబడిన అలికిడి వినిపించింది, తర్వాత ఆయన గొంతు, చెక్కకు అటువైపు, అలిసిపోయి.

"ఎంతసేపు వేసుకుంటారమ్మా?"